చేతులెత్తిన ఆదివారం

సోమవారం

పిల్లలకు నీళ్ళ సీసాలు పంచి ఫొటోలు తీయించడం ఇవాళ నా పని. నీలిధార జలసంస్థ ఏటా వేసే బాధ్యతా నివేదికకు అట్ట మీద ఒక మంచి ఫొటో కావాలి. సముద్రపు నీళ్ళను కాచి ఊరికి మంచినీళ్ళు చేసే బాయిలర్ల కొట్టు వెనక గోడకు రంగు వేయించి, దాని ముందు పిల్లల్ని నిలబెట్టాను. రెండో వరస ముందుకు జరుగుతుండగా లోపల ఒక బాయిలర్ పేలింది.

ముందు చప్పుడు వినపడలేదు. కాళ్ళ కింద ఇనుప నేల ఒక్కసారి పైకి లేచి కూలబడింది. మా తూర్పుదిబ్బ ఊరంతా సముద్రంలో దిగేసిన స్తంభాల మీదే నిలబడి ఉంది కాబట్టి ఎక్కడ ఏం జరిగినా అందరి కాళ్ళకూ తెలుస్తుంది. ఆ తర్వాత చప్పుడు వచ్చింది. గోడ అడ్డం ఉండబట్టి పిల్లలు బతికారు. వాళ్ళను టీచరమ్మకు అప్పగించి నేను ముందు తలుపు వైపు పరిగెత్తాను.

తెల్లటి ఆవిరిలోంచి ఒక మనిషి నడుచుకుంటూ వచ్చాడు. ఒంటి మీద చొక్కా చిరిగి వేలాడుతోందనుకున్నాను. చొక్కా కాదు, చర్మం. పడిపోతాడేమోనని చెయ్యి పట్టుకుంటే ఆ చేతి తోలు తొడుగులా నా వేళ్ళలోకి వచ్చేసింది. అతను అరవలేదు. "నీళ్ళు" అన్నాడు. నా దగ్గర పిల్లలకిచ్చే సీసా ఉంది. మూత తీసి పెదాలకు ఆనించాను. మింగలేకపోయాడు. నీళ్ళు గడ్డం మీంచి కారిపోయాయి. నా ఒళ్ళోనే పోయాడు.

ఉప్పు కొట్లలోంచి ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళలో సూరాడ ఎర్రమ్మ నా ముందు ఆగింది. శవం మొహం చూసింది, గుర్తుపట్టలేదు. వంగి పాదాలు చూసింది. ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు.

"ఈడు మా గురువులే" అంది. అని నా ఒళ్ళోంచి మొగుణ్ణి లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుంది.

మొత్తం పదకొండు మంది పోయారు.

మంగళవారం

డైరెక్టర్ ప్రభంజన్ రావు పొద్దున్నే పిలిపించారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దొంగ ఏడుపు కాదు. ఆయనకు ఏడుపు నిజంగానే వస్తుంది, అదే ఆయన బలం.

"ఆదివారం సమ్మతి సభ. తెలుసుగా?" అన్నారు.

తెలియకేం. ఆరేళ్ళుగా నివేదిక రాసేది నేనే, సభలో చదివేదీ నేనే. సంస్థ ఏడాదంతా ఊరికి ఏం మేలు చేసిందో, ఏం కీడు చేసిందో చదివి వినిపించాలి. విన్నాక ఊళ్ళో సగం మందికి పైగా చేతులెత్తితే ఇంకో ఏడాది బాయిలర్లు సంస్థవి. ఎత్తకపోతే తాళాలు ఊరికి ఇచ్చేసి ఓడ ఎక్కాలి. సముద్రం ఒడ్డును మింగేసి, బతికినవాళ్ళు ఈ స్తంభాల మీదకు చేరినప్పుడు మొదటి పెద్దలు రాసుకున్న ఒప్పందం ఇది.

"మనం ఇక్కడ ఉన్నది ఒప్పందం వల్ల కాదు దేవసేనా. వీళ్ళు ఉంటే ఉండనీ అని జనం అనుకోబట్టి ఉన్నాం. నిన్న ఆ నమ్మకానికి చిల్లు పడింది. మాటలతో పూడ్చాలి. ఆసుపత్రి సంగతి, ఒడ్డు ఆపడానికి నాటించిన మడచెట్ల సంగతి, బడి సంగతి, అన్నీ పెంచి రాయి. ఎప్పుడూ రాసేదానికి రెండింతలుండాలి."

"పేలుడు గురించి సార్?"

"ఒక పేరా. సంతాపం."

బయట వరండాలో బాయిలర్ల ఇంజనీరు సోమయాజులు గోడకు చేరగిలబడి ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"పేలినదాని అడుగు రేకును ఉప్పు తినేసిందండీ. ఉప్పుకి ఇనుము నిలవదు. నిరుడు చెప్పాను, ముందటేడూ చెప్పాను. మూడో బాయిలరూ అలాగే ఉంది. మార్చాలంటే నెల రోజులు ఊరికి సగం నీళ్ళే వస్తాయి. సభకు ముందు ఆపుదామంటే చేతులు తగ్గుతాయన్నారు. సభ అయ్యాక ఆపుదామంటే, ఒప్పుకోగానే నీళ్ళు కోసేశారని జనం తిడతారన్నారు. మరి ఎప్పుడు ఆపనూ?"

నేను నివేదిక రాసుకోవడానికి నా గదికి వెళ్ళిపోయాను.

బుధవారం

శవాలను తెప్పల మీద పెట్టి తూర్పు రేవు నుంచి సముద్రానికి వదిలారు. ఊరు ఊరంతా వచ్చింది.

సోమయాజులు రాకుండా ఉండాల్సింది. పదకొండు మందినీ పేరుపేరునా ఎరిగిన మనిషి, ఉండలేకపోయాడు. వెనక నిలబడి దండం పెడుతుంటే ఎవరో "బాయిలర్ల ఇంజనీరు ఈడే" అన్నారు. జనం తిరిగారు.

మొదటి దెబ్బ ఎర్రమ్మ కొట్టింది. ఆమె చేతిలో ఉప్పు గీకే ఇనుప పార ఉంది. పార అంచు ఆయన చెవి దగ్గర దిగింది. నేను "ఆయన కాదు, ఆయన ఆపమన్నాడు" అని అరుస్తూనే ఉన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయన మోకాళ్ళ మీద పడ్డాడు. తర్వాత మగవాళ్ళు అందుకున్నారు. కాళ్ళతో తొక్కారు. పళ్ళు రాలడం చూశాను. రెండు కాళ్ళూ పట్టి ఈడ్చుకెళ్ళి రేవు అంచు మీంచి కిందికి విసిరేశారు. కింద లోతు నీళ్ళు లేవు, విరిగిన పాత స్తంభాలున్నాయి. వాటి మీద పడి ఆగిపోయాడు. కెరటం వచ్చినప్పుడల్లా చెయ్యి ఒకటి కదిలింది, అంతే.

అప్పుడు కాపలావాళ్ళు వచ్చారు. వాళ్ళ నాయకుడు నా తమ్ముడు కనకారావు. తూర్పుదిబ్బలో మందు తుపాకులు లేవు, తడికి పనిచెయ్యవు. గాలితో మేకులు కొట్టే తుపాకులున్నాయి. పడవలు కట్టడానికి తెచ్చినవి.

"ఎనక్కెల్లిపోండి! ఎనక్కెల్లిపోండర్రా!" అని కనకారావు అరిచాడు. గుంపులోంచి ఒక గొలుసు ముక్క వచ్చి అతని పక్కనున్న కుర్రకాపలా మొహం పగలగొట్టింది. కనకారావు పేల్చాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ పేల్చారు. మేకు తగిలితే మనిషి ఎగిరిపడడు. ఆశ్చర్యపోయినట్టు ఆగిపోతాడు. ఒకామె గొంతులో దిగిన మేకును రెండు వేళ్ళతో పట్టుకుని పీకబోయింది. పీకగానే రక్తం చిమ్మింది.

నలుగురు చచ్చిపోయారు. నేను రేవు మీద పడుకుని ఉన్నాను. ఎప్పుడు పడుకున్నానో తెలియదు.

గురువారం

మధ్యాహ్నం తమ్ముడి ఇంటికి వెళ్ళాను. చొక్కా ఉతుకుతున్నాడు. వాడకానికిచ్చిన నీళ్ళన్నీ దానికే పోశాడు. అయినా మరక పోలేదు.

"అక్కా, కూకో" అన్నాడు, తల ఎత్తకుండా.

"పేల్చమని ఎవరు చెప్పారురా?"

"ఎవులూ సెప్పనేదు. నానే పేల్సేసినాను. ఆ గుంటడి కన్ను పోయింది, అది సూసినాక నాకింకేటీ అగుపడనేదు." చొక్కా పిండి మళ్ళీ బకెట్లో ముంచాడు. "ఆ గొంతులో మేకు దిగినామె, మన మైలపల్లోల్ల పైడమ్మ. సిన్నప్పుడు నన్నెత్తుకుంది."

అతని చేతిలోంచి చొక్కా తీసుకుని నేను ఉతికాను.

"నువ్వు నివేదికలో ఏటి రాస్తావో రాయి. నా పేరు దాసకు" అన్నాడు. "దాసితే ఆ నలుగురూ ఊరికే సచ్చినట్టు."

ఇంటికొచ్చి రాశాను. మడచెట్లు లేవు, బడి లేదు. పదకొండు మంది పేర్లు, రేకు ఎందుకు మార్చలేదో, ఎవరు ఏ మాట చెప్పి ఆపించారో రాశాను. డైరెక్టర్ పేరు రాశాను. మూడో బాయిలర్ సంగతి రాశాను. సోమయాజులు ఎలా చచ్చిపోయాడో, ఆయన ఏం అడిగాడో రాశాను. రేవు మీద మొదట పేల్చింది మైలపల్లి కనకారావు అని, అతను నా తమ్ముడని రాశాను.

ఇది చూశాక నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు. తీసేస్తే సభలో గుంపులో నిలబడి చదువుతాను. అలా అనుకున్నాను.

శుక్రవారం

ప్రభంజన్ రావు గారు నా ముందే మొత్తం చదివారు. తన పేరు వచ్చిన చోట ఆగారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇదే చదువు" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ఒక్క అక్షరం మార్చకు. ఉత్తరాన పల్లందిబ్బలో కంపెనీ ఏం చేసిందో తెలుసుగా? దాచింది. జనం డైరెక్టర్ని బాయిలర్లో వేసి ఉడికించారు. దాచినవాడిని జనం క్షమించరు దేవసేనా. చెప్పుకున్నవాడిని క్షమిస్తారు. నేను మడచెట్లు అనుకున్నాను, పాతకాలపు బుద్ధి. నువ్వు నాకంటే బాగా ఆలోచించావు."

"సార్, నేను మిమ్మల్ని కాపాడటానికి రాయలేదు."

"తెలుసు. అందుకే అంత బాగా వచ్చింది."

"మూడో బాయిలర్ ఆపుతారా?"

"కమిటీ వేస్తాం. ఆ మాట కూడా చివర కలుపు."

గది బయటికొచ్చి ఆగాను. చదవనని తిరిగి వెళ్ళి చెప్పొచ్చు. చదవకపోతే ఆయన ఇంకొకరితో మడచెట్ల నివేదిక చదివిస్తారు, ఆ రేకు సంగతి ఎవరికీ తెలియదు. చదివితే ఆయన గెలుస్తారు. ఎటు తిరిగినా ఆయన ముందే వెళ్ళి కూర్చున్నారు. అయినా జనానికి తెలియడమే ముఖ్యం అనుకున్నాను. తెలిస్తే వాళ్ళే చూసుకుంటారు అనుకున్నాను.

ఆదివారం

సభ పెద్ద వేదిక మీద, ఎండలో. పైన లెక్కపిట్టలు గిరగిరా తిరుగుతున్నాయి. లేచిన చేతుల్ని లెక్కపెట్టే యంత్రాలు అవి. అరచేతి కంటే చిన్నవి.

కనకారావును ముందు వరసలో ఒక్కడినే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. టోపీ లేదు, తుపాకీ లేదు. ఎవరు కూర్చోబెట్టారని అడిగాను. "బాధ్యులు జనం ముందుండాలి కదా" అన్నారు ప్రభంజన్ రావు గారు. ఆయన మాత్రం వేదిక మీద, నా వెనక ఉన్నారు.

చదివాను. పదకొండు పేర్లూ చదువుతుంటే ఒక్కో పేరుకు ఒక్కో చోట ఏడుపు లేచింది. రేకు సంగతి చదివినప్పుడు గుంపు ముందుకు ఊగింది. డైరెక్టర్ పేరు చదవగానే ఆయన లేచి, వేదిక అంచుకు వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని నేలకు తల ఆనించారు. ఊగిన గుంపు ఆగింది. అలాంటిది ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

మూడో బాయిలర్ సంగతీ, సోమయాజులు సంగతీ చదివి నేను అక్కడే ఆపేసి ఉండాల్సింది. కాగితం మీద తర్వాతి మాట నా తమ్ముడి పేరు. చదివేశాను.

పైడమ్మ కొడుకు గుంపులోంచి బయటికి వచ్చాడు. ముగ్గురు నలుగురు అతని వెనకే వచ్చారు. కనకారావు కుర్చీలోంచి లేచాడు. పారిపోలేదు, చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. పైడమ్మ కొడుకు చేతిలో ఉన్నది పడవ కొక్కెం. మొదటి పోటు పొట్టలో దిగింది. కనకారావు వంగి, అతని భుజం పట్టుకున్నాడు, నిలబడటానికి. తర్వాత అతను కనపడలేదు, మనుషుల వీపులు మాత్రమే కనపడ్డాయి, లేస్తూ వంగుతూ. నేను కాపలావాళ్ళ వైపు చూశాను. వాళ్ళు తుపాకులు నేల మీద పెట్టి నిలబడి ఉన్నారు. అలా పెట్టమని డైరెక్టర్ వాళ్ళకు ముందే చెప్పారని తర్వాత తెలిసింది. నేను వేదిక మీంచి దూకాను. చీలమండ విరిగింది. పాక్కుంటూ వెళ్ళాను. నేను చేరేసరికి వాళ్ళు పక్కకు తప్పుకున్నారు. తమ్ముడి దవడ ఊడి పక్కకు వేలాడుతోంది. ఒక కన్ను నన్ను చూసింది. నోరు కదిలింది కానీ మాటకు ఆ నోరు పనికిరాదు.

ఆ రక్తంలో కూర్చుని, ఊపిరి ఆగిపోయిన అతని తల పట్టుకుని ఉండగా, పైన ప్రభంజన్ రావు గారి గొంతు వినిపించింది. "మేము సిగ్గుపడుతున్నాం. మీరు మమ్మల్ని ఉండమంటే ఉంటాం. వద్దంటే ఈ క్షణమే వెళ్ళిపోతాం."

తల ఎత్తి చూశాను. చేతులు లేస్తున్నాయి. ఏడుస్తూ ఎత్తుతున్నారు. పైడమ్మ కొడుకు రక్తం అంటిన చెయ్యే ఎత్తాడు. లెక్కపిట్టలు ఊరు మీద ఒక్క చుట్టు తిరిగి పచ్చదీపాలు వెలిగించాయి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అన్ని చేతులు లేవలేదు.

సోమవారం

ఉదయం ఎర్రమ్మ మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"బాగా సదివినావమ్మా" అంది. "నానూ ఏడిసినాను. ఏడిసేసి, సెయ్యెత్తేసినాను. ఇంటికెల్లి కూకున్నాక తెలివొచ్చింది. నా మొగుణ్ణి సంపేసినోడికి నానెందుకు సెయ్యెత్తినాను? నువ్వు సెప్పు."

"నాకు తెలియదు ఎర్రమ్మక్కా."

"ఆ ఇంజనీరు బాబుని నానే సంపేసినాను. ఆయన ఆపమన్నాడని నువ్వు సదివినాక గాని తెల్దు." వీధి కుళాయి వైపు చెయ్యి చూపించింది. "మూడోది ఇంకా నడుపుతానే ఉన్నారు. అందరికీ తెలుసు. అయినా తాగతన్నారు."

నా కాలికి కట్టు కట్టి ఉంది. ఆమె భుజం పట్టుకుని కుంటుకుంటూ ఇద్దరం బాయిలర్ల కొట్టుకు వెళ్ళాం. గేటు దగ్గర కాపలావాడు, కన్నుకు కట్టు కట్టుకున్న ఆ కుర్రాడే. నన్ను చూసి తల దించుకున్నాడు, ఆపలేదు. లోపల పనివాళ్ళను ఎర్రమ్మ బయటికి పంపేసింది. అందరూ ఆమె మొగుడితో పనిచేసినవాళ్ళే. సముద్రం అడుగున భూమిలోంచి వేడి తెచ్చే గొట్టం తిరుగుడు చక్రం ఇద్దరం కలిసి తిప్పాం. అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో బాయిలర్ కాసేపు మూలిగి ఆగిపోయింది. ఒక్కో దానికీ తిప్పి అన్నీ ఆపేసి తలుపు గడియ పెట్టాం.

మధ్యాహ్నానికి కుళాయిలు ఎండిపోయాయి. బిందెలతో జనం వచ్చారు. ముందు కేకలు, తర్వాత తలుపు మీద గడ్డపార దెబ్బలు. "బయటికి లాగండెహె ఆ ముండల్ని!" అని ఎవరో అరిచారు. తలుపు వంగింది. బద్దలయ్యే లోపల నేనే గడియ తీశాను.

ముందున్నవాడు నా జుట్టు పట్టి నేలకు కొట్టాడు. పన్ను ఒకటి విరిగింది. ఎర్రమ్మ అరిచింది: "కొట్టండి! సంపేయండి! ముందు లోపలికొచ్చి ఇది సూడండి, తరవాత సంపేద్దురు గాని!"

ఆమె చల్లారుతున్న మూడో బాయిలర్ కిందికి దూరింది. చేతిలో మొగుడి సుత్తి. అడుగు రేకు మీద ఒక్కటి కొట్టింది. మోగలేదు. అట్టను గుచ్చినట్టు సుత్తి లోపలికి వెళ్ళిపోయింది. కన్నంలోంచి వేడినీళ్ళు జారి ఆమె చెయ్యి కాలింది. ఆమె చెయ్యి తీయలేదు.

గడ్డపార పట్టుకున్నవాడు వంగి కన్నంలోకి చూశాడు. ఆదివారం నేను ఇదే చెప్పాను. అందరూ విన్నారు, ఏడ్చారు. చూసింది మాత్రం ఇప్పుడే.

వెనక నుంచి ఒక ముసలామె అడిగింది. "బాగు సెయ్యడానికి ఎన్నాల్లు పడతాది?"

"నెల" అన్నాను. నోట్లోంచి రక్తం కారుతోంది. "నెల రోజులు సగం నీళ్ళే."

"సగమే కదా" అంది ఆమె. "సగం తాగుదుం. ఆ మాట మాకెవులూ అడగనేదే?"

అప్పుడు ప్రభంజన్ రావు గారు వచ్చారు, కాపలావాళ్ళతో. చుట్టూ చూశారు. కన్నాన్ని చూశారు, కాలిన చెయ్యి చూశారు, ముసలామె మాట విన్నారు. మొహంలో కోపం లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎంత గొప్ప విషయం" అన్నారు నాతో మెల్లగా. "సంస్థా, జనమూ కలిసి... దేవసేనా, వచ్చే ఏడు నివేదికకు ఇదే మొదటి పేజీ."

ఎర్రమ్మ పక్కన పెట్టిన సుత్తి నా చేతిలోకి ఎలా వచ్చిందో చెప్పలేను. ఆయన నోటి మీద కొట్టాను. ఎముక విరగడం చేతికి తెలిసింది. ఆయన పడ్డారు. మళ్ళీ ఎత్తాను. ఎవరూ నన్ను ఆపడం లేదు, కాపలావాళ్ళు కూడా. ఇంకో దెబ్బకు అయిపోయేది.

ఎర్రమ్మ కాలిన చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"సాల్లేమ్మా" అంది. "నాను సంపేసి సూసినాను. మొగుడు రానేదు."

బుధవారం, రెండో వారం

ఊరివాళ్ళు తాళాలు తీసుకుని, ప్రభంజన్ రావు గారి దవడకు కట్టు కట్టి ఓడ ఎక్కించారు. ఆయనతో ఎవరూ మాట్లాడలేదు, ఆయనా మాట్లాడలేరు. లెక్కపిట్టల్ని పిల్లలు వలేసి పట్టి సముద్రంలో వేశారు. మూడో బాయిలర్ రేకు విప్పడం మొదలైంది. ఎర్రమ్మ చెయ్యి చీము పట్టింది. డాక్టరు రెండు వేళ్ళు తీసేశాడు.

నేనిప్పుడు ఎవరి ఉద్యోగినీ కాను. అయినా రాస్తున్నాను, అలవాటు చొప్పున.

ఉదయం నీళ్ళ వరసలో నిలబడ్డాను. ఎండ మాడుస్తోంది. మనిషికి సగం బిందె. నా ముందున్నతను వెనక్కి తిరిగాడు. పైడమ్మ కొడుకు. చాలాసేపు నా మొహం చూసి, తన బిందె పక్కకు జరిపి, నన్ను ముందుకు వెళ్ళమన్నట్టు చోటు ఇచ్చాడు.

నేను వెళ్ళలేదు. అతను ఆ చోటులోకి తిరిగి రాలేదు. మా ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీని అలాగే ఉంచుకుని, వరసతో పాటు కుళాయి దాకా నడిచాం.